పొద్దున్నే లాగిన్ కాని ఆఫీసు: ముందు డీఎన్ఎస్ చూడండి, డొమైన్ జోలికి వెళ్లకండి

మీరు రాసింది నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో ముందు ఒకసారి చూసుకోండి. విజయవాడలో మందుల హోల్‌సేల్ ఆఫీసు, 60 కంప్యూటర్లు, ఒకే ఒక్క సర్వర్. విండోస్ సర్వర్ 2016. అదే డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు కంప్యూటర్లన్నీ ఉండే డొమైన్‌లోకి ఎవరు లాగిన్ కావచ్చో తేల్చే సర్వర్), అదే ఫైల్ సర్వర్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ టాలీ కూడా దాని మీదే. పొద్దున కొన్ని సిస్టమ్‌లు లాగిన్ కావడానికి పది నిమిషాలు పడుతోంది. షేర్ డ్రైవ్ ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. అకౌంట్స్ మేనేజర్ గారి ఐడీ రోజూ లాక్ అవుతోంది. రెండు సిస్టమ్‌లలో ‘ట్రస్ట్ రిలేషన్‌షిప్ ఫెయిల్’ అని మెసేజ్. పాత అడ్మిన్ మానేసి వెళ్లిపోయాడు, మిగిలింది ఒక పాస్‌వర్డ్‌ల నోట్‌బుక్. తెలిసినవాళ్ల ఆఫీసులో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పడిందని మీ ఓనర్‌గారికి టెన్షన్. ఇదంతా పీకేసి వర్క్‌గ్రూప్‌కి వెళ్లిపోదామా అన్నది మీ ప్రశ్న.

వద్దు. వర్క్‌గ్రూప్ చేశారంటే 60 చోట్ల యూజర్లు, 60 చోట్ల పాస్‌వర్డ్‌లు. ఎవరైనా ఉద్యోగం మానేస్తే 60 కుర్చీల చుట్టూ తిరగాలి. మీరు చెప్పినవాటిలో యాక్టివ్ డైరెక్టరీ (డొమైన్‌లోని యూజర్లు, కంప్యూటర్ల చిట్టా నడిపే విండోస్ వ్యవస్థ) తప్పు ఒక్కటి కూడా నాకు కనబడలేదు. పద్దెనిమిదేళ్లుగా ఇలాంటి ఆఫీసులే చూస్తున్నాను. దాదాపు ప్రతిచోటా కనిపించేది ఒకటే: ఆ పూటకి పని నడవాలని ఎవరో చేసిన సర్దుబాటు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. లాగిన్‌ని నెమ్మది చేసేదీ అదే, దొంగకి తలుపు తీసిపెట్టేదీ అదే. అందుకే రిపేరునీ సెక్యూరిటీనీ విడదీయకుండా చెబుతాను.

నెమ్మదిగా ఉన్న సిస్టమ్ దగ్గర కూర్చుని కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ కొట్టండి. డీఎన్ఎస్ అంటే పేరు అడిగితే ఐపీ చెప్పే ఏర్పాటు. అందులో డీఎన్ఎస్ సర్వర్లు అన్న చోట ఏముందో చూడండి. మొదటి వరసలో మీ సర్వర్ ఐపీ, రెండో వరసలో 8.8.8.8 (గూగుల్ డీఎన్ఎస్) ఉంటుందని నా అంచనా. ఎప్పుడో నెట్ ఆగిపోయి ఉంటుంది, కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు వచ్చి ‘ఇది పెడితే నెట్ వస్తుంది సార్’ అని పెట్టి వెళ్లి ఉంటాడు. నెట్ వచ్చింది కూడా. కానీ డొమైన్‌లో ఉన్న కంప్యూటర్ పొద్దున లేవగానే అడిగే మొదటి ప్రశ్న ‘మా డొమైన్ కంట్రోలర్ ఎక్కడ?’ అని. దానికి సమాధానం సర్వర్‌లోని డీఎన్ఎస్‌లో ఎస్ఆర్‌వీ రికార్డులుగా (ఫలానా సేవ ఏ సర్వర్‌లో ఉందో చెప్పే ఎంట్రీలు) ఉంటుంది. ఆ సంగతి గూగుల్‌కి తెలియదు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. రెండో డీఎన్ఎస్ అంటే మొదటిదానికి తెలియకపోతే దీన్ని అడుగుతుంది అనుకుంటారు. అలా కాదు. మొదటిది సమయానికి పలకకపోతేనే విండోస్ రెండోదాని దగ్గరికి వెళ్తుంది. పొద్దున తొమ్మిదిన్నరకి 60 సిస్టమ్‌లు ఒక్కసారిగా లేస్తాయి, టాలీ కూడా అదే సర్వర్‌ని నమిలేస్తుంటుంది, జవాబు కాస్త ఆలస్యమవుతుంది. రెండోది చటుక్కున ‘అలాంటి పేరే లేదు’ అంటుంది. లేదు అన్నది కూడా విండోస్ దృష్టిలో పూర్తి జవాబే, కాబట్టి మళ్లీ మీ సర్వర్‌ని అడగదు. ఒకసారి రెండోదాని దగ్గరికి వెళ్లాక కాసేపు అక్కడే ఉండిపోతుంది కూడా. ‘ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు’ అన్న మీ మాటకి అర్థం ఇదే.

కాబట్టి కంప్యూటర్లకి ఐపీలు పంచే డీహెచ్‌సీపీ స్కోప్‌లో డీఎన్ఎస్‌గా మీ సర్వర్ ఒక్కటే ఉంచండి. చేత్తో ఐపీ పెట్టిన సిస్టమ్‌లు ఉంటే ఒక్కొక్కటీ సరిచేయండి. గూగుల్‌దో, మీ నెట్ కంపెనీదో బయటి డీఎన్ఎస్ కావాలంటే దానికి తగిన చోటు సర్వర్‌లోని డీఎన్ఎస్ మేనేజర్‌లో ఫార్వర్డర్స్. క్లయింట్‌లో కాదు. సర్వర్ నెట్‌వర్క్ కార్డులో కూడా డీఎన్ఎస్‌గా బయటి ఐపీ ఉండకూడదు. కొన్ని సిస్టమ్‌లకి ఐపీ వేరే వరసలో వస్తే, ఎవరో వైఫై సరిపోవడం లేదని ఇంటి రౌటర్ తెచ్చి తగిలించారన్నమాట. అది సొంతంగా డీహెచ్‌సీపీ నడుపుతుంది. బల్లల కింద వెతకండి. నేను ఒకచోట ఏసీ స్టెబిలైజర్ వెనక పట్టుకున్నాను.

ఇది సెక్యూరిటీకి ఎలా ముడిపడుతుందో చూడండి. పేరు దొరకనప్పుడు విండోస్ ఊరుకోదు. ఎల్ఎల్ఎమ్ఎన్ఆర్, నెట్‌బయోస్ అనే పాత పద్ధతుల్లో నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా ‘ఈ పేరు ఎవరిది?’ అని కేకేస్తుంది. లోపలికి వచ్చిన దొంగ ‘నాదే’ అంటాడు. కంప్యూటర్ నమ్మి, యూజర్ పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన ఎన్‌టీఎల్ఎమ్ (పాత లాగిన్ పద్ధతి) జవాబుని అతని చేతిలో పెడుతుంది. ఇంకోటి: షేర్ పేరుతో తెరుచుకోకపోతే మనవాళ్లు ఐపీతో డ్రైవ్ మ్యాప్ చేస్తారు. ఐపీతో వెళ్తే మామూలుగా కెర్బెరోస్ (టికెట్లతో నడిచే లాగిన్ పద్ధతి) పనిచేయదు, బలహీనమైన ఎన్‌టీఎల్ఎమ్ మీదికి దిగిపోతుంది. డీఎన్ఎస్ చక్కబడ్డాక ఐపీతో చేసిన మ్యాపింగ్‌లన్నీ పేరుతో మార్చేయండి. గ్రూప్ పాలసీలో (సర్వర్ నుంచి అన్ని కంప్యూటర్లకీ సెట్టింగ్‌లు పంపే ఏర్పాటు) మల్టీకాస్ట్ నేమ్ రిజల్యూషన్ ఆపే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేస్తే ఎల్ఎల్ఎమ్ఎన్ఆర్ నోరు మూస్తుంది. నెట్‌బయోస్‌ని డీహెచ్‌సీపీ ఆప్షన్ల ద్వారా ఆపొచ్చు. పాత స్కానర్, పాత బిల్లింగ్ మెషీన్ లాంటివి ఉంటే ముందు రెండు మూడు సిస్టమ్‌లలో చేసి చూడండి.

డీఎన్ఎస్ సరిచేశాక కూడా లాగిన్ లేటయితే గ్రూప్ పాలసీ వంతు. ఈవెంట్ వ్యూయర్‌లో గ్రూప్ పాలసీ ఆపరేషనల్ లాగ్ తెరవండి. ఈవెంట్ 8001 ఆ యూజర్ పాలసీ పూర్తవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చెబుతుంది, దానికి ముందు నమోదైన ఈవెంట్లు చూస్తే ఎక్కడ ఆగిందో దొరుకుతుంది. ఎక్కువసార్లు దోషి ఎవరంటే ఎప్పుడో తీసేసిన పాత సర్వర్‌కి మ్యాప్ అయివున్న డ్రైవో, లేని ప్రింటరో. చచ్చిన సర్వర్ పలుకుతుందేమోనని సిస్టమ్ పాపం ఎదురుచూస్తుంటుంది.

తర్వాత గడియారం. కెర్బెరోస్‌కి క్లయింట్‌కీ సర్వర్‌కీ మధ్య మామూలుగా 5 నిమిషాల తేడా వరకే ఓపిక. అది దాటితే పాస్‌వర్డ్ సరైనదైనా లోపలికి రానివ్వదు. సర్వర్‌లో ‘డబ్ల్యూ32టీఎమ్ /క్వెరీ /సోర్స్’ కొట్టండి. ‘లోకల్ సీమాస్ క్లాక్’ అని వస్తే మీ ఆఫీసు మొత్తం ఒక బటన్ సెల్ మీద ఆధారపడి నడుస్తోందని అర్థం. పీడీసీ ఎమ్యులేటర్ రోల్ ఉన్న సర్వర్ (డొమైన్‌కి సమయం చెప్పే బాధ్యత దానిది; మీకు ఉన్నది ఒకటే, అదే) బయటి టైమ్ సర్వర్ నుంచి సమయం తీసుకోవాలి, మిగతా కంప్యూటర్లు దాన్ని చూసి సర్దుకుంటాయి. సర్వర్ వర్చువల్ మెషీన్ అయితే హోస్ట్ నుంచి టైమ్ తీసుకునే టిక్కు తీసేయండి. బయటి టైమ్ సర్వర్‌గా ఎన్ఐసీదో (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్), ఎన్‌పీఎల్‌దో (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) పెట్టుకోండి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల వ్యవహారం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాలు కూడా అదే చెబుతున్నాయి. ఆ ఆదేశాల్లోనే మరో రెండు ఉన్నాయి, మీ ఓనర్‌గారికి చూపించండి: సైబర్ దాడి సంగతి తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకి చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. మీ సర్వర్‌లో సెక్యూరిటీ లాగ్ సైజు పెంచకపోతే నిండగానే పాతవాటి మీద రాసేస్తుంది. లాగ్‌లు వేరే చోటికి కాపీ అయ్యే ఏర్పాటు ఉండాలి.

ట్రస్ట్ మెసేజ్ వచ్చిన రెండు సిస్టమ్‌లని డొమైన్ నుంచి తీసి మళ్లీ కలపకండి. ప్రతి కంప్యూటర్‌కీ డొమైన్‌లో ఒక అకౌంట్, దానికో పాస్‌వర్డ్ ఉంటాయి. కంప్యూటరే దాన్ని 30 రోజులకోసారి మార్చుకుంటుంది. ఎవరైనా పాత ఇమేజో (డిస్క్ మొత్తానికి తీసిన కాపీ), రీస్టోర్ పాయింటో వేస్తే పాత పాస్‌వర్డ్ వస్తుంది, సర్వర్ దగ్గర కొత్తది ఉంటుంది. మాట కుదరదు. లోకల్ అడ్మిన్‌గా లాగిన్ అయ్యి పవర్‌షెల్‌లో ‘టెస్ట్-కంప్యూటర్‌సెక్యూర్‌ఛానెల్ -రిపేర్’ నడిపి, క్రెడెన్షియల్ ఇస్తే చాలు. ఒకే ఇమేజ్‌ని నాలుగు సిస్టమ్‌లకి కాపీ చేసి, రెండింటికి ఒకే పేరు ఉంచేసినా ఇదే మెసేజ్ వస్తుంది. అదీ చూసుకోండి.

అకౌంట్స్ మేనేజర్ గారి లాక్ విషయానికొద్దాం. లాక్ తీయడం, మళ్లీ లాక్ కావడం, విసిగిపోయి లాకౌట్ పాలసీయే ఎత్తేయడం — ఈ వరస నాకు బాగా తెలుసు. ఆఖరిది మాత్రం చేయకండి. సర్వర్ సెక్యూరిటీ లాగ్‌లో ఈవెంట్ 4740 వెతకండి, అందులో ‘కాలర్ కంప్యూటర్ నేమ్’ అని ఉంటుంది. తప్పు పాస్‌వర్డ్ ఎక్కడి నుంచి వస్తోందో అదే చెబుతుంది. అక్కడ పేరు ఖాళీగా ఉంటే 4771లోనో, 4625లోనో ఐపీ దొరుకుతుంది. ఒక ఆఫీసులో మూడు వారాలు ఇదే తంతు. యూజర్ చేతిలో ఏ తప్పూ లేదు. వేలిముద్ర హాజరు సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్లు దాని సర్వీస్‌ని ఆయన ఐడీతో నడిపారు. ఆయన పాస్‌వర్డ్ మార్చుకున్నారు, సర్వీస్ మార్చుకోలేదు. పొద్దున్నే జనం వేలు పెట్టడం మొదలవగానే ఐడీ లాక్. మీ దగ్గర పాత ఫోన్, షెడ్యూల్డ్ టాస్క్, క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచిన పాస్‌వర్డ్, ఇలా ఏదైనా కావచ్చు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన విషయం. మీరు ఒక్క వాక్యంలో రాసేసి వదిలేశారు కానీ నాకు కళ్లు అక్కడే ఆగిపోయాయి: ‘టాలీ యూజర్లు సర్వర్‌లోకే రిమోట్ డెస్క్‌టాప్‌తో వస్తారు, ఇంటి నుంచి కూడా.’ డొమైన్ కంట్రోలర్ మీదికి మామూలు యూజర్ రిమోట్‌గా రాలేడు, మైక్రోసాఫ్ట్ అలా కట్టింది. మరి మీవాళ్లు ఎలా వస్తున్నారు? ‘డొమైన్ అడ్మిన్స్’ గ్రూప్ తెరిచి చూడండి. టాలీ కొట్టే అమ్మాయి, గోడౌన్ కుర్రాడు అందరూ అందులో ఉంటారని నా అనుమానం. ఆ రోజు లాగిన్ కాలేదు, గ్రూప్‌లో వేస్తే అయ్యింది, అంతే. అంటే వాళ్లలో ఎవరు ఒక్క తప్పుడు అటాచ్‌మెంట్ నొక్కినా నెట్‌వర్క్ మొత్తం తాళాల గుత్తి పోయినట్టే.

రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ ఫార్వర్డింగ్‌ని ఈ రాత్రే ఆపండి. దాని మామూలు పోర్ట్ 3389 బదులు వేరే నంబర్ పెట్టామంటారేమో, స్కాన్ చేసేవాడికి అది దాగదు. ఇంటి నుంచి పని కావాలంటే వీపీఎన్, దానికి రెండో అంచెగా ఫోన్‌లో కోడ్. టాలీని డొమైన్ కంట్రోలర్ మీద నుంచి దించి వేరే మెషీన్‌లో పెట్టండి, పాతదైనా పర్లేదు. ఇందుకు ఖర్చవుతుందని ఓనర్‌గారు గొణిగితే, ఏప్రిల్‌లో పాత సంవత్సరం డేటా పోతే ఎంతవుతుందో అడగండి.

డొమైన్ అడ్మిన్స్‌లో చివరికి ఇద్దరికి మించి ఉండకూడదు. ఆ ఐడీ మీ రోజువారీ ఐడీ కాకూడదు. మీరు ఎవరి సిస్టమ్‌లోనో ప్రింటర్ వేయడానికి డొమైన్ అడ్మిన్‌గా లాగిన్ అయితే, ఆ పాస్‌వర్డ్ ఆనవాళ్లు ఆ మెషీన్ మెమరీలో ఉంటాయి. ఆ సిస్టమ్‌లో ముందే చొరబడ్డవాడికి మీరే తెచ్చి ఇచ్చినట్టు. సిస్టమ్‌ల పనికి వేరే ఐడీ, సర్వర్ పనికి మాత్రమే డొమైన్ అడ్మిన్. డొమైన్ అడ్మిన్లు మామూలు సిస్టమ్‌లలో లాగిన్ కాకుండా గ్రూప్ పాలసీతో ఆపేయొచ్చు, ఆపేయండి. మన బద్ధకం మీద మనకే నమ్మకం ఉండదు కదా.

లోకల్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ 60 సిస్టమ్‌లలోనూ ఒకటే అయి ఉంటుంది, నోట్‌బుక్ మొదటి పేజీలో ఉండేది అదే. ఒక మెషీన్‌లో దొరికితే అరవై దొరికినట్టే. దీనికి మందు ల్యాప్స్. ప్రతి సిస్టమ్‌కి వేరే పాస్‌వర్డ్ పెట్టి, డైరెక్టరీలో దాచి, తనే మారుస్తూ ఉంటుంది. 2023 ఏప్రిల్ అప్‌డేట్ల నుంచి ఇది విండోస్ 10, 11, సర్వర్ 2019, 2022లలోనే కలిసి వస్తోంది, విడిగా దించుకోనక్కర్లేదు. మీ 2016లో ఈ టూల్స్ లేవు. రెండో డొమైన్ కంట్రోలర్ పెట్టినప్పుడు (దాని సంగతి చివర్లో చెబుతాను) అక్కడి నుంచి స్కీమా, అంటే డైరెక్టరీలో ఏమేం దాచొచ్చో చెప్పే నమూనా, పెంచుకోవచ్చు.

పాత అడ్మిన్ గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లో లోకల్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే ఇంకా ఘోరం. ఆ పాస్‌వర్డ్ డొమైన్ కంట్రోలర్‌లోని సిస్‌వాల్ అనే షేర్ ఫోల్డర్‌లో ఎక్స్ఎమ్ఎల్ ఫైల్‌గా ఉంటుంది, ప్రతి యూజరూ చదవగలడు. ఎన్‌క్రిప్ట్ అయిందనుకుంటారు, కానీ దాని కీని మైక్రోసాఫ్ట్ తన డాక్యుమెంట్లలోనే ప్రచురించింది. 2014 మేలో వచ్చిన ప్యాచ్ కొత్తగా పెట్టకుండా ఆపుతుంది తప్ప పాతవాటిని చెరపదు. సిస్‌వాల్‌లో ‘సీపాస్‌వర్డ్’ అన్న పదం కోసం వెతకండి. దొరికితే ఆ పాలసీ తీసేసి, ఆ పాస్‌వర్డ్ ఎక్కడెక్కడ వాడారో అన్నిచోట్లా మార్చండి.

సర్వీసులు నడిపే అకౌంట్లు ఇంకో బొక్క. బ్యాకప్ సాఫ్ట్‌వేర్, హాజరు సాఫ్ట్‌వేర్ పెట్టేవాళ్లు వచ్చి ‘డొమైన్ అడ్మిన్ ఇవ్వండి సార్, లేకపోతే పనిచేయదు’ అంటారు. పనిచేస్తుంది, వాళ్లకి చేయడం రాదు, అంతే. ఎస్‌పీఎన్ (కెర్బెరోస్‌లో సర్వీస్‌కి ఉండే పేరు) ఉన్న అకౌంట్ అయితే డొమైన్‌లో ఉన్న ఎవరైనా దాని పేరిట కెర్బెరోస్ టికెట్ అడిగి తీసుకోవచ్చు, ఇంటికి పట్టుకెళ్లి తీరిగ్గా పాస్‌వర్డ్ ఊహించుకోవచ్చు. ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్ నిలబడదు. వీలైతే గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్ వాడండి, పాస్‌వర్డ్‌ని విండోసే చూసుకుంటుంది. వీలుకాకపోతే 25 అక్షరాలకి తగ్గకుండా పెట్టండి.

మానేసిన అడ్మిన్ మంచివాడే కావచ్చు, అయినా అతనికి తెలిసినవన్నీ మార్చాలి. అతని ఐడీ డిజేబుల్ చేయడంతో సరిపోదు. కెర్బెరోస్ టికెట్లకి ముద్ర వేసే ‘కేఆర్‌బీటీజీటీ’ అనే అకౌంట్ పాస్‌వర్డ్‌ని రెండుసార్లు రీసెట్ చేయండి, మొదటిదానికీ రెండోదానికీ మధ్య 10 గంటలకి పైగా ఎడం ఉంచండి. టికెట్ ఆయుష్షు మామూలుగా 10 గంటలు, అందుకని. వెంటవెంటనే రెండుసార్లు చేశారంటే పొద్దున్నే ఆఫీసంతా మీ బల్ల దగ్గరే ఉంటుంది.

చిన్నవి గబగబా చెప్పేస్తాను. డొమైన్ కంట్రోలర్‌లో ప్రింట్ స్పూలర్ సర్వీస్ ఆపేయండి, 2021లో ప్రింట్‌నైట్‌మేర్ (ఆ స్పూలర్‌లో బయటపడ్డ లోపం) వచ్చాక కూడా దాన్ని నడిపేవాళ్లని చూస్తే ఆశ్చర్యం. ఎస్ఎమ్‌బీ1 (పాత ఫైల్ షేరింగ్ పద్ధతి) తీసేయండి. 2017 మేలో వాన్నాక్రై రాన్సమ్‌వేర్ దూరింది ఆ దారిలోనే, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని అప్పుడు దెబ్బతిన్నాయి. దానికి ప్యాచ్ అంతకు రెండు నెలల ముందే వచ్చింది మరి. మామూలు యూజర్ ఎవరైనా 10 కంప్యూటర్ల దాకా డొమైన్‌లో కలపగలిగే పాత సెట్టింగ్ ఒకటి ఉంది, దాన్ని సున్నా చేయండి. క్రాక్ చేసిన విండోస్, ఆఫీస్ ఉంటే, వాటి యాక్టివేటర్ కోసం యాంటీవైరస్‌లో పెట్టిన మినహాయింపులు చూసుకోండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మీ సర్వర్ 2016కి 2027 జనవరి 12 గడువు.

బ్యాకప్ గురించి మీరేమీ రాయలేదు. సర్వర్ వెనకాల యూఎస్‌బీ డిస్క్ ఒకటి ఎప్పుడూ తగిలించే ఉంటుందని అనుకుంటున్నాను. రాన్సమ్‌వేర్‌కి అది ఇంకో డ్రైవ్ మాత్రమే. రెండు డిస్క్‌లు పెట్టి మార్చి మార్చి వాడండి, ఒకటి ఎప్పుడూ బీరువాలో ఉండాలి. నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్క్ పెట్టె) వాడితే దాన్ని డొమైన్‌లో కలపకండి, దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టండి. టాలీ ఫోల్డర్‌తో పాటు డొమైన్ కంట్రోలర్ సిస్టమ్ స్టేట్ (డైరెక్టరీ ఉండే భాగం) బ్యాకప్ కూడా ఉండాలి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మాల్వేర్ దెబ్బకి మేర్స్క్ అనే పెద్ద షిప్పింగ్ కంపెనీ డొమైన్ కంట్రోలర్లు సుమారు 150 ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఒకటి మాత్రం మిగిలింది, ఘనాలో. ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి అది ఆఫ్‌లైన్‌లో ఉంది కాబట్టి. దాని హార్డ్ డిస్క్‌ని మనిషి చేతికిచ్చి లండన్ పంపితే కంపెనీ మళ్లీ లేచింది. కోతల్ని తిట్టుకునే మనకి ఈ కథ కాస్త ఊరట. కానీ మన ఇన్వర్టర్లు అంత మేలు చేయనివ్వవు, బీరువాలో డిస్క్ పెట్టుకోవడమే దారి. అన్నట్టు, డీఎస్ఆర్ఎమ్ పాస్‌వర్డ్ మీ నోట్‌బుక్‌లో ఉందేమో చూడండి. డైరెక్టరీని రీస్టోర్ చేసేటప్పుడు అడిగేది అదే, డొమైన్ పాస్‌వర్డ్ కాదు. లేకపోతే సర్వర్ బాగున్నప్పుడే ఎన్‌టీడీఎస్‌యూటిల్‌తో రీసెట్ చేసి, కాగితం మీద రాసి, కవర్ అంటించి ఓనర్‌గారి దగ్గర ఉంచండి.

రెండో డొమైన్ కంట్రోలర్ తప్పదు. సర్వర్ 2022 చాలు, టాలీ లాంటివేమీ దాని మీద పెట్టకండి. అది వచ్చాక క్లయింట్లకి రెండో డీఎన్ఎస్‌గా దాని ఐపీ ఇవ్వండి, ఆ ఖాళీలో ఉండాల్సింది అదే. అయితే మొదలుపెట్టే ముందు పాత సర్వర్‌లో ‘డీసీడయాగ్’ నడిపి తప్పులు లేవని చూసుకోండి. తర్వాత ‘డీఎఫ్ఎస్ఆర్‌మిగ్ /గెట్‌గ్లోబల్‌స్టేట్’ కొట్టండి. మీ డొమైన్ సర్వర్ 2003 రోజుల నుంచి అప్‌గ్రేడ్ అవుతూ వచ్చినదైతే సిస్‌వాల్ ఇంకా పాత ఎఫ్ఆర్ఎస్ పద్ధతిలోనే (సర్వర్ల మధ్య ఫైళ్లు కాపీ చేసే పాత ఏర్పాటు) ఉండొచ్చు, అప్పుడు 2022ని డొమైన్ కంట్రోలర్‌గా చేర్చుకోదు. ‘ఎలిమినేటెడ్’ అని వస్తే నిశ్చింతగా ముందుకెళ్లండి. ఇంకేదైనా వస్తే ఆ రోజుకి సర్వర్ ముట్టుకోకుండా, వచ్చింది వచ్చినట్టు నాకు రాయండి. ఆ మైగ్రేషన్ నాలుగు మెట్లలో జరుగుతుంది, చివరి మెట్టు ఎక్కాక వెనక్కి దిగలేం.